నికోటిన్ తీసేస్తే తాండ్ర ఏమవుతుంది?

ముందుగా రెండు హెచ్చరికలు, తర్వాతే కబుర్లు. ఒకటి: సిగరెట్ అలవాటు లేనివాళ్ళు ఇది చదివి వేపింగ్ జోలికి వెళ్ళక్కర్లేదు. సిగరెట్ కన్నా తక్కువ హాని అంటే అసలు హాని లేదని కాదు. పైగా నికోటిన్ ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదిలేది కాదు. రెండు: ఇండియాలో ఉన్నవాళ్ళు దీన్ని ప్రయత్నించకండి. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధించారు. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేను ఉండేది ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌లో. ఇక్కడ పెద్దవాళ్ళు తమకోసం తాము ఇంట్లో లిక్విడ్ కలుపుకోవడం నేరం కాదు. కాబట్టి ఇదంతా ఇక్కడి గొడవ అని గుర్తుపెట్టుకుని చదవండి.

సరే, విషయానికి వస్తే, వేప్ లిక్విడ్ కలపడం గురించి చెప్పేవాళ్ళంతా దాన్ని కెమిస్ట్రీలా చెప్తారు. సిరంజిలు, శాతాలు, మిల్లీగ్రాములు. నేను రెండేళ్ళుగా కలుపుకుంటున్నాను, నా లెక్క ప్రకారం అది ముప్పావు వంతు వంట. ఏ రుచి ఏ రుచికి తోడు, ఏది దేన్ని మింగేస్తుంది, ఏది ఎక్కువైతే ఏది పలచబడుతుంది, అన్నీ వంటింటి ప్రశ్నలే. అయితే ఈ వంటలో ఒక సరుకు ఉంది. దాన్ని ఎవరూ రుచుల లెక్కలో వెయ్యరు, కానీ మిగతా రుచులన్నీ దాని చుట్టూనే సర్దుకుని కూర్చుంటాయి. అదే నికోటిన్. దాన్ని తీసేద్దామని మొదలుపెట్టాకే ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

నా సంగతి క్లుప్తంగా. ఇంజనీరింగ్ రెండో ఏడాది నుంచి ఎనిమిదేళ్ళు సిగరెట్లు కాల్చాను. మా నాన్న ముప్ఫై అయిదేళ్ళు కాల్చారు, ఇంకా కాలుస్తున్నారు. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగి, ఏదో కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తారు. కిందటిసారి వెళ్ళినప్పుడు ఆయన వెనకాలే నేనూ ఎక్కుతూ, నాకు కూడా ఆయాసం వస్తోందని గమనించాను. అప్పటికి నా వయసు పాతికేళ్ళు. ఇక్కడికి తిరిగొచ్చి ప్యాచ్‌లు, గమ్ములు అన్నీ చూశాను. చివరికి పనిచేసింది వేపింగే.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదులెండి. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక బ్రిటిష్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 886 మంది మీద చేశారు. ఏడాది తర్వాత సిగరెట్‌కి పూర్తిగా దూరంగా ఉన్నవాళ్ళు ఈ-సిగరెట్ గుంపులో 18 శాతం, ప్యాచ్, గమ్ లాంటివి వాడిన గుంపులో 9.9 శాతం. అందులో నాకు నచ్చిన వివరం ఇంకోటుంది. ఈ-సిగరెట్ వాళ్ళకి ఒక స్టార్టర్ ప్యాక్ మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత నచ్చిన ఫ్లేవర్, నచ్చిన మోతాదు మీరే చూసుకుని కొనుక్కోండి అన్నారు. అంటే నాలుకకి నచ్చేదేదో వెతుక్కునే బాధ్యత మనిషికే వదిలేశారన్నమాట.

ఆ వెతుకులాటలోనే నేను సొంతంగా కలుపుకోవడం దాకా వచ్చాను. షాపుల్లో దొరికేవి చాలావరకు నాకు మరీ తీపి. అందులో సుక్రలోజ్ బాగా దట్టిస్తారు. మొదటి పీల్పుకి "అబ్బ" అనిపిస్తుంది, పదో పీల్పుకి పెళ్ళి భోజనంలో మూడో జిలేబీ తిన్నట్టుంటుంది. కాయిల్ కూడా వారం తిరక్కుండా నల్లగా మాడిపోతుంది. రోజంతా వాడే వస్తువు పప్పన్నంలా ఉండాలి గానీ జిలేబీలా కాదు కదా.

ఇంతకీ ఆ సీసాలో ఏముంటుంది? ప్రొపిలీన్ గ్లైకాల్ (అందరూ పీజీ అంటారు), వెజిటబుల్ గ్లిజరిన్ (వీజీ), ఫ్లేవర్ కాన్సంట్రేట్లు, కావాలంటే నికోటిన్. అంతే. పీజీ పలచన, ఫ్లేవర్‌ని బాగా మోస్తుంది, గొంతులో కాస్త గరుకుగా తగులుతుంది. వీజీ చిక్కన, కొంచెం తియ్యన, పొగలాంటి ఆవిరి ఎక్కువగా ఇచ్చేది ఇదే. ఇక్కడి నిబంధనల ప్రకారం నికోటిన్ లిక్విడ్ 10 మిల్లీలీటర్ల సీసాలోనే అమ్మాలి, మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలుగా 18 మిల్లీగ్రాముల బలంతో చిన్న సీసాలు దొరుకుతాయి. 30 మిల్లీలీటర్ల లిక్విడ్ 6 మిల్లీగ్రాముల బలంతో కావాలంటే మొత్తం 180 మిల్లీగ్రాములు కావాలి, అంటే సరిగ్గా ఒక సీసా. 3 మిల్లీగ్రాములకి అర సీసా. ఇంతకన్నా లెక్కలు అక్కర్లేదు. చేతికి తొడుగులు మాత్రం వేసుకోవాలి, పిల్లలున్న ఇల్లయితే తాళం వేసి దాచాలి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, మింగితే విషం.

ఇహ రుచి దగ్గరకి వద్దాం. మనకి చిన్నప్పటి నుంచీ వంటలో బ్యాలెన్స్ అంటే ఉప్పు, పులుపు, కారం, తీపి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబెట్టడం. పులుసు మరీ పుల్లగా ఉంటే చిన్న బెల్లం ముక్క, చప్పగా ఉంటే చిటికెడు ఉప్పు. వేప్‌లో ఆ ఉప్పు లేదు! కారం కూడా లేదు. తీపి కాస్త, పులుపు ఇంకా కాస్త, మెంథాల్ లాంటి చల్లదనం, కొంచెం చేదు. మిగిలినదంతా వాసనే. ఊపిరి వదిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కుకి తగిలే వాసనని మన బుర్ర రుచి అనుకుంటుంది. జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా ఉప్పు కారం తప్ప ఏమీ అనిపించకపోవడం గుర్తు తెచ్చుకోండి, దానికి సరిగ్గా తిరగేస్తే వేప్. అక్కడ వాసన పోయి ఉప్పు కారాలు మిగుల్తాయి, ఇక్కడ ఉప్పు కారాలు పోయి వాసన మిగుల్తుంది.

దీనివల్ల ఒక చిక్కు. వంటలో రుచి తేడా వస్తే ఏదో ఒకటి కలిపి సరిదిద్దుతాం. ఇక్కడ కలిపేకొద్దీ వాసనలు ఒకదాని మీద ఒకటి పడి బురదవుతుంది. నేను గమనించినంతలో రుచి కుదరనప్పుడు పదింటికి ఏడుసార్లు మందు, ఉన్నవాటిలో ఏదో ఒకటి తగ్గించడమే. ప్రోగ్రామ్‌లో తప్పు వస్తే ఇంకో నాలుగు లైన్లు రాయడం కన్నా ఉన్న నాలుగు లైన్లు తీసేసి చూడ్డం మేలని సీనియర్లు చెప్తారే, అలాగన్నమాట :-)

తోడు రుచులంటే ఏంటి మరి? నాకు అర్థమైన పద్ధతి ఇది. పప్పుచారు తీసుకోండి. పప్పు ఒళ్ళు, చింతపండు ప్రాణం, పోపు ముక్కు. పప్పు లేకపోతే నీళ్ళు, చింతపండు లేకపోతే చప్పిడి, పోపు లేకపోతే ఆస్పత్రి భోజనం. పోపు పరిమాణంలో అన్నిటికన్నా తక్కువ, కానీ గిన్నె మూత తియ్యగానే ముందు పలకరించేది అదే. వేప్‌లోనూ అంతే. ఒళ్ళు ఇచ్చేవి క్రీములు, కస్టర్డ్‌లు, బ్రౌన్ షుగర్ లాంటివి. మధ్యలో పేరుకి తగ్గ రుచి, అంటే పండో కాఫీయో. పైన పోపులా నిమ్మ, ఏలకులు, పుదీనా లాంటివి, అరశాతం లోపు. ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు. ఒకే పనికి ముగ్గుర్ని పెడితే వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటారు.

స్ట్రాబెరీ, క్రీమ్ ఎందుకు కుదురుతాయి? స్ట్రాబెరీ ఫ్లేవర్ పైన మెరిసి కింద ఖాళీగా ఉంటుంది, క్రీమ్ కింద నిండుగా ఉండి పైన మొద్దుగా ఉంటుంది. ఒకరి లోటు ఒకరు పూడుస్తారు. నిమ్మ, బిస్కెట్ కూడా అంతే. మామిడి, పీచ్ కుదరడానికి కారణం వేరు. అవి చుట్టాలు, కలిపితే అతుకు కనపడదు, మామిడే ఇంకాస్త గుండ్రంగా అనిపిస్తుంది. అంటే తోడు రెండు రకాలు: ఖాళీ పూడ్చే తోడు, అంచులు కలిపే తోడు. మీకు ఏది కావాలో తెలియకుండా సీసాలు కొంటే డబ్బు దండగ.

ఇంకో సంగతి, శాతాలు కంపెనీని బట్టి మారతాయి. ఇటలీ ఫ్లేవర్ఆర్ట్, పోలండ్ ఇనవేరా వాళ్ళవి ఘాటు, ఒకటి రెండు శాతం చాలు. అమెరికా కాపెల్లా, ఫ్లేవర్ అప్రెంటిస్ వాళ్ళవి మెత్తన, నాలుగయిదు శాతం పడుతుంది. "మామిడి 5 శాతం" అని ఎవరైనా చెప్తే ఎవరి మామిడి అని అడగండి. మా ఊళ్ళో గరిటె అంటే ఒక కొలత, మీ ఊళ్ళో గరిటె అంటే ఇంకో కొలత.

ఇప్పుడు నా ప్రాజెక్టు: మామిడి తాండ్ర. గోదావరి వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆత్రేయపురం అంటే పూతరేకులతో పాటు తాండ్ర కూడా. మామిడి రసంలో తీపి కలిపి, చాపల మీద పోసి, ఎండబెట్టి, దానిమీద మళ్ళీ పోసి, మళ్ళీ ఎండబెట్టి, పొర మీద పొర కట్టిస్తారు. అందుకే దాని రుచి మామిడిపండు రుచి కాదు. ఎండకి ముదిరిన మామిడి, కాస్త మాగిన తీపి, చివర్లో చిన్న పులుపు, పళ్ళకి అతుక్కునే చిక్కదనం. షాపుల్లో మామిడి అంటే ఐస్ వేసిన జ్యూసే. నాకు తాండ్ర కావాలి, అది ఎవరూ అమ్మరు.

ప్రతిసారీ 10 మిల్లీలీటర్లు మాత్రమే, ఒక్కసారికి ఒక్క మార్పే, ప్రతి సీసా మీద తేదీ, అంకె. మొదటి కూర్పు కావాలనే వట్టి మామిడితో చేశాను, పునాది ఎలా ఉందో చూడ్డానికి. అది తీపి మామిడి కాన్సంట్రేట్ 5 శాతం. మా రూమ్మేట్‌ది రాజోలు దగ్గర, వాడూ సిగరెట్ మానేసి వేప్‌కి వచ్చినవాడే. తన డివైస్‌లో పోసుకుని ఒక్కసారి పీల్చి, "ఒరేయ్, తాండ్ర అన్నావు, ఇది మామిడి షాంపూరా" అన్నాడు. నిజమే, వట్టి మామిడి ఫ్లేవర్ పైపైన సబ్బులా తేలుతుంది. రెండో కూర్పులో జీడివాసన, తొక్క వాసన వచ్చే ఇంకో మామిడి 1 శాతం వేశాను. అప్పటికి చెట్టుకింద నిలబడ్డట్టయింది, కానీ ఇంకా పచ్చి. మూడోదాంట్లో ఎండు ఆప్రికాట్ వాసన వచ్చేది 1 శాతం. ఇదే అసలు మలుపు. ఎండబెట్టిన పండ్లన్నిటికీ ఒక ఉమ్మడి వాసన ఉంటుంది, అది మామిడిలో లేదు, ఆప్రికాట్‌లో ఉంది. ఖాళీ పూడ్చే తోడంటే ఇదే.

నాలుగోది బ్రౌన్ షుగర్ ముప్పావు శాతం. బెల్లం కాన్సంట్రేట్ నాకు ఎక్కడా దొరకలేదు, ఇది దానికి దూరపు చుట్టం. దాంతోపాటు ఇథైల్ మాల్టాల్ పది శాతం ద్రావణం అరశాతం. ఇది పీచు మిఠాయి వాసనతో తీపిని గుండ్రంగా చేస్తుంది, కానీ మోతాదు దాటితే మిగతా ఫ్లేవర్ల మీద దుప్పటి కప్పేస్తుంది. అయిదోది పులుపు: ఆపిల్ పండులో ఉండే మాలిక్ యాసిడ్, ఇదీ పది శాతం ద్రావణమే, అరశాతం. ఆరోది పోపు: ఏలకులు, 0.1 శాతం. 10 మిల్లీలీటర్లలో 0.1 శాతం అంటే నూరో వంతు మిల్లీలీటర్, ఒక చుక్క కూడా కాదు. అందుకే ముందు దాన్ని పీజీలో పదింతలు పలచన చేసి పెట్టుకోవాలి, అప్పుడు పదో వంతు మిల్లీలీటర్ కొలవడం తేలిక. నూరో వంతు గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుంటే సిరంజిలు కడిగే బాధ తప్పుతుంది. పీజీ మిల్లీలీటర్‌కి 1.04 గ్రాములు, వీజీ 1.26. ఈ రెండంకెలు చాలు.

కలిపిన రోజే రుచి తేల్చెయ్యకూడదు. ఆవకాయని మూడో రోజు తిరగకలిపేదాకా ఎవరం తీర్పు చెప్పం కదా. పండ్ల కూర్పులు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి, క్రీములు కస్టర్డ్‌లకి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఊరడమంటే ఏదో మాయ కాదు, రసాయనాలు నిజంగానే మారతాయి. వెనిలిన్ లాంటి వాసన పదార్థాలు పీజీతో కలిసి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలవుతాయని, అవి ఆవిరిలోకి కూడా వస్తాయని, శ్వాసనాళాల్ని చికాకుపెట్టే గుణం వాటికి ఉందని 2018లో యేల్ పరిశోధకులు చూపించారు. అది చదివాక నేను వెనిలా, దాల్చినచెక్క బాగా తగ్గించేశాను.

ఆ మాట వచ్చింది కాబట్టి ఆరోగ్యం గురించి ఇంకో నాలుగు ముక్కలు. తినడానికి మంచిదైతే పీల్చడానికీ మంచిదే అనుకోవద్దు. వెన్న వాసనకి వాడే డయాసిటైల్ తింటే ఏమీ కాదు. దాన్ని రోజూ పీల్చిన మిస్సోరీ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకి ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు పూడుకుపోయే జబ్బు వచ్చిందని 2000లో బయటపడింది. కాబట్టి క్రీమ్ కాన్సంట్రేట్ కొనేముందు అది లేదని చూసుకోవాలి. నూనె అయితే అసలు వద్దు. వంటింట్లో కేకుల్లోకి వాడే ఎసెన్సులు, సుగంధ తైలాలు వేప్‌లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి నూనె వెళ్తే న్యుమోనియా. అమెరికాలో 2019లో వచ్చిన ఉపద్రవం గుర్తుందిగా, 2020 ఫిబ్రవరి నాటికి ఆస్పత్రి పాలైనవాళ్ళు 2,807 మంది, చనిపోయినవాళ్ళు 68 మంది. దానికి ముఖ్య కారణంగా తేలింది చాటుగా అమ్మే గంజాయి కార్ట్రిడ్జుల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్, అదీ నూనెలాంటిదే.

ఇప్పుడు అసలు కథ. తాండ్ర ఆరో కూర్పు 6 మిల్లీగ్రాముల నికోటిన్‌తో అచ్చు తాండ్రే. ఆరు నెలలు అదే వాడాను. తర్వాత నికోటిన్ 3కి దించాను, మిగతా ఏదీ మార్చలేదు. రుచి మారిపోయింది! అంతకుముందు చక్కగా ఉన్న తీపి ఒక్కసారిగా మొహం మొత్తేలా తయారైంది. మొదట కాయిల్ పాడైందనుకున్నాను, కొత్తది వేసినా అంతే. ఆ తర్వాత, రుచి చూడ్డానికని మాత్రమే, సున్నా నికోటిన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి చూశాను. తీపి ఇంకా ఎక్కువ, దానికి తోడు పులుపు కూడా సూదిలా గుచ్చుతోంది. యాసిడ్ ఒక్క చుక్క కూడా పెంచలేదు మరి.

కూర్చుని ఆలోచిస్తే కారణం తేలికే. నికోటిన్‌కి సొంత రుచి ఉంది. మిరియంలా గొంతులో తగిలే కాటు, వెనకాల కొంచెం చేదు. వేప్‌లో కారం లేదని పైన అన్నాను కదా, ఉంది, అది నికోటిన్ రూపంలో ఉంది. నేను ఆరో కూర్పు కుదిర్చింది ఆ కారానికి సరిపడా తీపి వేసి. కారం సగం చేస్తే తీపి పైకి తేలకేం చేస్తుంది!

పులుపు సంగతి ఇంకా తమాషా. మామూలు నికోటిన్ క్షారం. యాసిడ్ వేస్తే దాన్ని నికోటిన్ పట్టేసుకుంటుంది. (నికోటిన్ సాల్ట్ అని అమ్మేది ఇదే సూత్రం. బెంజోయిక్ లాంటి ఆమ్లం కలిపి గొంతులో కాటు తగ్గిస్తారు.) లెక్క వేసి చూశాను. నేను వేసిన మాలిక్ యాసిడ్ మిల్లీలీటర్‌కి అర మిల్లీగ్రాము, నికోటిన్ 6 మిల్లీగ్రాములు. అణువుల లెక్కలో చూస్తే ఒక యాసిడ్ అణువుకి పది నికోటిన్ అణువులు. 3 మిల్లీగ్రాముల దగ్గర కూడా ఒకటికి అయిదు. అంటే అక్కడిదాకా నేను వేసిన పులుపులో చాలావరకు నికోటినే మింగేస్తోంది. సున్నా దగ్గర మింగేవాడు లేడు, పులుపంతా నా గొంతుకే.

దీన్నిబట్టి నాకు ఒక సంగతి అర్థమైంది. నికోటిన్ తగ్గించుకుంటూ వస్తున్న చాలామంది 3 దగ్గరో, సున్నా దగ్గరో "బాలేదు" అని మళ్ళీ పైకి వెళ్ళిపోతారు. దాన్ని మనోబలం లేకపోవడం అంటారు. నికోటిన్ కోసం ఒళ్ళు అడగడం నిజమే, కాదనను. కానీ కొంత భాగం వట్టి రుచి చెడిపోవడమేమో! పులుసులో మిరపకాయలు తీసేసి, బెల్లం చింతపండు మాత్రం పాత కొలతే వేసి, "కారం లేకపోతే పులుసు బాగోదు" అన్నట్టు. కారం తీస్తే మిగతావీ మళ్ళీ కొలవాలి కదా.

అందుకని మళ్ళీ కొలిచాను. 3 మిల్లీగ్రాముల దగ్గర ఇథైల్ మాల్టాల్ సగం చేశాను, మిగతావి అలాగే ఉంచాను. సున్నా కోసం ఎనిమిది సీసాలు పట్టాయి. ఇథైల్ మాల్టాల్ పూర్తిగా పోయింది. తీపి మామిడి 5 నుంచి 4 శాతానికి, బ్రౌన్ షుగర్ ముప్పావు నుంచి అరకి, మాలిక్ యాసిడ్ ద్రావణం అర నుంచి 0.2కి దిగాయి. జీడివాసన మామిడి 1 అలాగే ఉంది. ఎండు ఆప్రికాట్ 1 నుంచి ఒకటింపావుకి పెరిగింది. పోయిన కాటు బదులు ఏలకులు 0.1 నుంచి 0.2కి పెంచి, కొత్తగా అల్లం 0.2 చేర్చాను. పీజీ 40 నుంచి 50 శాతానికి పెంచితే గొంతులో కాస్త గరుకు తిరిగి వచ్చింది. ఇది నికోటిన్ కాటు కాదు, దానికి దగ్గర కూడా కాదు, కానీ నోరు ఖాళీగా ఉన్నట్టు అనిపించదు. మా రాజోలు వాడు ఇది పీల్చి ఏమీ అనలేదు, మౌనంగా సీసా జేబులో వేసుకుపోయాడు. వాడి నుంచి అంతకన్నా మంచి రివ్యూ రాదు.

ఒకటి ఒప్పుకోవాలి. ఇంత రుచిగా చేసుకుంటే అసలు ఎప్పటికి మానతావ్ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. పైన చెప్పిన ట్రయల్‌లోనే ఇంకో అంకె ఉంది: ఈ-సిగరెట్‌తో మానగలిగినవాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా ఈ-సిగరెట్ వాడుతూనే ఉన్నారు, రెండో గుంపులో ప్యాచ్‌లు, గమ్ములు ఇంకా వాడుతున్నవాళ్ళు 9 శాతమే. కాబట్టి దీన్ని విజయగాథలా చెప్పడం నాకు ఇష్టం లేదు. పిల్లల సంగతి ఉండనే ఉంది. చాక్లెట్ రంగుల్లో వచ్చిన వాడి పారేసే వేప్‌లు స్కూలు పిల్లల చేతుల్లో కనపడ్డాకే ఇక్కడి ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకం నిషేధించింది. నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఫ్లేవర్లన్నీ పిల్లల కోసమే అనే వాదన మాత్రం ఒప్పుకోను. ఇరవై తొమ్మిదేళ్ళ నాకు పొగాకు ఫ్లేవర్ ఇస్తే గుర్తొచ్చేది సిగరెట్టే. తాండ్ర ఇస్తే అమ్మమ్మ గారి ఊరు గుర్తొస్తుంది. మానాలనుకునేవాడికి ఏది గుర్తు రావాలో మీరే చెప్పండి.

అలాగే ఇండియా చట్టం మీద కూడా నాకు అభిప్రాయం ఉంది. మా నాన్నకి సిగరెట్ వీధి చివర కొట్లో దొరుకుతుంది, దాన్ని మాన్పించే అవకాశం ఉన్న వస్తువు నేను సూట్‌కేసులో పెట్టుకు వెళ్ళడం నేరం. పిల్లల్ని కాపాడాలన్న ఉద్దేశం అర్థం చేసుకోగలను, సిగరెట్ మాత్రం ఎందుకు కొట్లో ఉందో అర్థం చేసుకోలేను. అయినా చట్టం చట్టమే, తీసుకెళ్ళను.

ఈ హడావుడంతా అందుకే. వచ్చే సంక్రాంతికి ఇంటికి వెళ్ళాలి, మూడు వారాలు. డివైస్ ఉండదు, సీసాలు ఉండవు, సాయంత్రం టీ కొట్టు దగ్గర పాత స్నేహితులు ఉంటారు, వాళ్ళ చేతుల్లో పెట్టెలు ఉంటాయి. 3 మిల్లీగ్రాముల నికోటిన్ మీద ఆధారపడి అక్కడికి దిగితే రెండో రోజు సాయంత్రానికి నా చేతిలో సిగరెట్ ఉంటుంది, నా గురించి నాకు తెలుసు. అందుకని రోజుకి కొంచెం కొంచెంగా 3 సీసాలో సున్నా సీసా కలుపుకుంటూ వస్తున్నాను. రెండిటి కొలతలూ విడివిడిగా కుదిర్చినవే కాబట్టి మధ్యలో ఎక్కడా రుచి తేడా రావట్లేదు. ప్రస్తుతం మిల్లీలీటర్‌కి ఒకటిన్నర దగ్గర ఉన్నాను. దసరాకి సున్నా అవ్వాలి, అక్కణ్ణుంచి సంక్రాంతి దాకా వట్టి తాండ్ర ఆవిరి, ఆ తర్వాత అదీ వద్దు. ఊళ్ళో ఎలాగూ అసలు తాండ్రే దొరుకుతుంది, నమిలి తినేది.